వెనక వరుసలో నా బిడ్డ

ఒకరోజు పొద్దున ఆరున్నరకి నా బిడ్డ శకుంతల కాలికి ఇనుప కడ్డీల బూటు తొడిగి తోలు పట్టీలు బిగిస్తున్నాను. మా అత్త నర్సింహమ్మ గుమ్మంలో కూర్చుని, "కుంటిపిల్లకు ఆటలేంది పిల్లా? నలుగురు నవ్వుతరు" అంది. రోజూ అనే మాటే. రోజూ లాగే విననట్టు ఊరుకున్నాను. రొట్టెలు కాల్చడం, మా ఆయన మొగులయ్యకు డబ్బా కట్టడం, బట్టలు పిండడం, వీటితో పాటు ఆ విననట్టు ఉండడం కూడా నేను చేయాల్సిన పనే అయిపోయింది.

అది డెబ్బై మూడో సంవత్సరం. మేం బీరంగూడ దగ్గర ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఉండేవాళ్లం. శకుంతలకు పదేళ్లు. రెండేళ్లప్పుడు జ్వరం వచ్చి, తగ్గేసరికి ఎడమ కాలు చచ్చుబడింది. పోలియో అన్నారు. బూటు వేసుకుంటే నిలబడగలదు, మెల్లగా నడవగలదు, పరుగెత్తలేదు. బడి మైలు దూరం. వానాకాలం ఆ నల్లమట్టి బురదలో బూటు దిగబడిపోయేది. ఎండ రోజుల్లో నడిపిస్తే బడివేళ దాటిపోయేది. అందుకని వీపున ఎక్కించుకుని తీసుకెళ్లేదాన్ని. మా ఆయనకు సైకిలుంది. ఆయన పోయే దారీ అదే. ఒకసారి అడిగితే, "తోటి పనోళ్లు సూస్తరే. కుంటిదాని నాయిన అని పేరు పెడ్తరు" అన్నాడు. మళ్లీ అడగలేదు.

ఆటల టీచరు సావిత్రమ్మ ఆ ఏడే కొత్తగా వచ్చింది. ఆడపిల్లల త్రోబాల్ జట్టు కడుతూ, గోడవారన కూర్చున్న శకుంతలను పిలిచింది. "పరుగెత్తక్కర్లేదు. వెనక వరుసలో నిలబడు. నీ దగ్గరికొచ్చిన బంతి పట్టుకుని విసురు. దూరం పడేవి పక్కవాళ్లు చూసుకుంటారు" అంది. పక్కవాళ్లు చూసుకున్నారు కూడా. బంతి పట్టాక శకుంతల కాలు సర్దుకునేదాకా ఆగాలని పిల్లలే నియమం పెట్టుకున్నారు. చిన్నప్పటి నుంచి చేతుల మీద పాకి పాకి నా బిడ్డకు భుజాలు గట్టిపడ్డాయి. విసిరితే బంతి నెట్ దాటి అవతల చివరి గీత దగ్గర పడేది. "శకుంతలా, నీకే, పట్టు!" అని ఒక పిల్ల అరిచినప్పుడు నేను కంచె దగ్గర నిలబడి ఉన్నాను. నా బిడ్డను అప్పటిదాకా ఎవరు పిలిచినా జాలిగానే పిలిచారు. అలా తొందరగా, కాస్త కోపంగా, తమలో మనిషిని పిలిచినట్టు పిలవడం నేను వినడం అదే మొదలు. కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే హెడ్‌మాస్టరు కామేశ్వరరావు గారు చూశారు. "ఎలాగూ రోజూ వస్తున్నావు కదమ్మా, ఆ మంచినీళ్ల కుండలు కాస్త నింపిపో" అన్నారు. నింపాను. నాలుగు నెలలు నింపాను. కాదంటే జట్టులోంచి తీసేస్తారేమోనని భయం.

దసరా లోపల నాకు నెల తప్పిందని తెలిసింది. అత్త సంబరపడింది. "ఈసారి మొగపిలగాడే. ఇగ దాన్ని మోసుడు బందుపెట్టు" అంది.

"మరి మీ కొడుకును సైకిల్ మీద దింపుమనుండ్రి" అన్నాను.

నేను మోస్తూనే ఉన్నాను.

డిసెంబరు మొదటి ఆదివారం ఫ్యాక్టరీ మైదానంలో సంగారెడ్డి బడి పిల్లలతో పోటీ. దానికి మూడు రోజుల ముందు, ఎప్పటిలాగే వంగి వీపు చూపించాను. శకుంతల ఎక్కలేదు. "ఇయ్యాల నడుస్త" అంది. దారి ఎండింది కదా, సరదా పడుతోందనుకున్నాను. మేం చేరేసరికి పొద్దుటి ప్రాక్టీసు అయిపోయింది. మర్నాడూ అంతే.

పోటీ రోజు సావిత్రమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ఆదిలక్ష్మి గారూ, శకుంతల నిన్న తన పేరు తీసేయమంది. ఎంత అడిగినా ఎందుకో చెప్పలేదు. మీకేమైనా తెలుసా?"

నాకేమీ తెలియదు. వెనక వరుసలో ఇంకో పిల్లను నిలబెట్టారు. శకుంతల నా పక్కన బెంచీ మీద కూర్చుని ప్రతి బంతికీ చప్పట్లు కొట్టింది. మన పిల్లలే గెలిచారు. ఒక పిల్ల పరుగెత్తుకొచ్చి "దా, నువ్వు గూడ దా" అని చెయ్యి పట్టి లాగితే, బెంచీని గట్టిగా పట్టుకుని లేవలేదు.

తిరిగొచ్చేటప్పుడు దారిలో ఆపి అడిగాను. తల వంచుకుని చెప్పింది.

"నన్ను మోస్తే నీ కడుపుల తమ్మునికి గూడ గిట్లనే కాలు పోతదట. ఆడాల్నంటే నువ్వు మోయాలె గదా. అందుకే నేనే వద్దన్న."

"ఎవరన్నరు బిడ్డా?"

"నాయిన. నీకు చెప్పొద్దన్నడు."

రోడ్డు పక్కన దాని ఎదురుగా కూర్చున్నాను. అది అబద్ధమన్నాను. జ్వరం గురించి చెప్పాను, డాక్టరు అన్న మాటలు చెప్పాను. పెద్దదానిలా ఓపిగ్గా వింది. "నాయినకు తెల్వదా మరి?" అంది. లేచి, వెనక్కి తిరిగి వంగాను. బూటు చప్పుడు రెండడుగులు దూరం జరిగింది.

ఇంటికెళ్లి ఆయన్ను అడిగాను. సెలవు రోజు కదా, సైకిలు చైనుకు నూనె పెడుతున్నాడు. తలెత్తలేదు. "ఏదో ఒకటి చెప్పాలె గదా. అది ఇన్నది. నువ్వింటవా?"

"అబద్ధమని మీరే చెప్పుండ్రి దానికి. మీరు చెప్తేనే నమ్ముతది."

"సూద్దాం తీ" అన్నాడు. చెప్పలేదు. నేను ఆరు నెలలు అడిగాను, ఏడ్చాను, కాళ్లు పట్టుకున్నాను. చెప్పలేదు. సావిత్రమ్మ రెండుసార్లు ఇంటికొచ్చి పిలిచినా శకుంతల మళ్లీ మైదానంలోకి దిగలేదు. రాత్రి పక్కలో కూడా నా కడుపుకు తగలకుండా గోడవైపు ముడుచుకుని పడుకునేది.

ఎండాకాలంలో కొడుకు పుట్టాడు. అత్త గుడ్డ విప్పి వాడి రెండు కాళ్లూ వచ్చినవాళ్లందరికీ చూపించింది. అందరూ వెళ్లాక శకుంతల గోడ పట్టుకుని నా మంచం దగ్గరికొచ్చింది. వాడి పాదం వేలితో తాకింది. వాడు బలంగా తన్నాడు. నా బిడ్డ ముఖం వెలిగిపోయింది. మ్యాచ్ గెలిచినంత సంతోషంగా నా వైపు తిరిగింది.

"సూసినవా అమ్మా, నేను నీ వీపు ఎక్కలే గదా!"

అది అబద్ధమని తనకు చెప్పడానికి నా దగ్గర ఇక ఏమీ మిగల్లేదు.