మాస్కు బిగుతైంది

డాక్టరమ్మ మొదటి రోజే గట్టిగా చెప్పింది. "పరగడుపున కీమో మాత్ర, గంట ఆగి రేడియేషన్. రెండూ జోడీగా పడితేనే తలలో ఉన్న ఆ గడ్డ లొంగేది. మధ్యలో ఆపితే మళ్లీ పుంజుకుంటుంది." ఆ చివరి మాట టైలరు భార్య గుండెలో నాటుకుపోయింది. ఆపకూడదు, అంతే. మిగతాది సగం విన్నది, సగం వినలేదు. అలాంటప్పుడు ఎవరు మాత్రం వింటారు లెండి!

రేడియేషన్ ఇచ్చేటప్పుడు తల కదలకుండా టైలరుకి వలలాంటి ప్లాస్టిక్ మాస్కు చేశారు. వేడినీళ్లలో మెత్తబరిచి, ముఖం మీద పరిచి, అచ్చు తీశారు. రోజూ అది తొడిగి బల్లకి బిగించేస్తారు. "ఇన్నేళ్లు కత్తెర పట్టాను, ఇంత కచ్చితంగా కొలత తియ్యడం నావల్ల కాలేదే," అని మురిసిపోయాడాయన. చావు ముంగిట కూడా కుట్టుపని కబుర్లే ఆ మనిషికి!

తర్వాత, వాటితోపాటు ఇచ్చిన వాపు మాత్ర పడేకొద్దీ ముఖం ఉబ్బడం మొదలైంది. మాస్కు తీశాక చెంపల మీద గళ్లు గళ్లుగా అచ్చులు. రేడియేషన్ గదిలో పనిచేసే అమ్మాయి నొసలు చిట్లించింది.

"ఇంకా బిగుతైతే కొత్తది చేయాలండీ. మళ్లీ స్కానూ, లెక్కలూ... కొన్నాళ్లు ఆగాల్సి వస్తుంది."

ఆగడమా! టైలరు భార్యకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంటికొచ్చి మందుల సంచి బోర్లించింది.

"ఇదిగో, ఈ వాపు మాత్రేనండీ. వాపు తగ్గాలని ఇస్తే పెంచుతోంది, దీని మొహం మండ!"

"చొక్కా బిగుతైతే కుట్లు విప్పి వదులు చేస్తాం," అన్నాడు టైలరు. "ఆ మాస్కుకి విప్పడానికి కుట్టేదీ? ఒళ్లే తగ్గాలి."

"అయితే ఇది ఆపేస్తాను."

"తప్పేం కాదు కదే?"

"నాకొదిలేయండి."

డాక్టరమ్మని అడిగితే కొత్త మాస్కు చేయాలంటుందేమోనని భయం. అడగలేదు. లోపల మెదడు వాచిపోకుండా కాపలా కాస్తున్నది ఆ మాత్రేనని ఇద్దరికీ తట్టనేలేదు.

బుగ్గలు తగ్గాయి. మాస్కు చక్కగా అమరింది. తలనొప్పి అంటే ఆమె తైలం రాసింది. వాంతులైతే కీమో మాత్రని తిట్టిపోసింది. ఒక పొద్దున రేడియేషన్ బల్ల మీద, ఆ మాస్కులోనే, ఆయనకి ఫిట్స్ వచ్చాయి.

ఇప్పుడాయన వార్డులో ఉన్నాడు. కత్తెర పట్టే చెయ్యి పడిపోయింది, మూతి వంకరపోయింది. కీమో, రేడియేషన్ రెండూ ఆపేశారు. మళ్లీ ఎప్పుడో, అసలు ఉంటాయో లేదో చెప్పలేమన్నారు.

"వాపు మాత్ర ఎవరాపారు?" డాక్టరమ్మ అడిగింది.

ఆమె నోరు తెరిచింది. ఈలోగా టైలరు బాగున్న చెయ్యి లేపి తన గుండె మీద తట్టుకున్నాడు.

"నే... నే."

డాక్టరమ్మ ఆయన్నే కోప్పడి వెళ్లిపోయింది. తనకి పడాల్సిన తిట్లు ఆయన తింటుంటే నోరు విప్పనందుకు ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

సెలైన్ సీసా పక్కన మళ్లీ ఆ వాపు మందే సూదిలో ఎక్కిస్తోంది నర్సు. సాయంత్రానికల్లా భార్య ఆయన బుగ్గలు తడిమి చూసింది. ఇంకా పీక్కుపోయే ఉన్నాయి.

"ఉబ్బండి," అంటూ బావురుమంది. "మీకు దండం పెడతాను, ఎంతైనా ఉబ్బండి."