కద్రాన్ రాజుకు క్షమాభిక్ష

ద్రాక్షాకుల్లో బియ్యం, మాంసం కూరి చుడుతూ, జిడ్డు వేలితోనే ఫోన్ తెర జరుపుకుంటూ నా భర్త రాసింది చదువుతున్నాను. ఉప్పుకోట సినిమాల అభిమానుల గ్రూపులో సుహైబ్ పెట్టిన పోస్టు అది. ఊళ్ళు తగలబెట్టి, భార్యను ఇరవై ఏళ్ళు బురుజులో పెట్టి తాళం వేసిన కద్రాన్ రాజు, ఏడో సినిమాలో కొడుక్కి తగలాల్సిన బాణానికి అడ్డుపడి చచ్చిపోతాడు. అతన్ని క్షమించాలా వద్దా అని మా దేశమంతా, అమ్మాన్ నుంచి అకబా దాకా, అభిమానులు కొట్టుకుంటున్నారు. సుహైబ్ క్షమించేశాడు. తప్పు రాజుది కాదట, ఆ వంశానిదట. తండ్రి ఎలా పెంచితే అలా తయారయ్యాడట. లోపల కుమిలిపోయాడు కనక నోరు విప్పి తప్పయిందని చెప్పక్కర్లేదట. మూడు పేజీలు రాశాడు.

చదువుతుంటే ఏడుపొచ్చింది. నలభై రోజులుగా ఇర్బిద్‌లో పుట్టింట్లో ఉన్నాను. ఆ గ్రూపువాళ్ళు పన్నెండు మంది మా ఇంటికొచ్చిన రోజు, మందుల షాపులో ఎనిమిది గంటలు నిలబడి వచ్చి, అందరికీ వండిపెట్టి, టీ ఇస్తూ ఒక్క మాటన్నాను, ఆ రాణిని ఎవరైనా అడిగారా అని. "నువ్వు టీ సంగతి చూడు. మూడో సినిమాలో నిద్రపోయినదానివి," అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నిద్ర ఎందుకొచ్చిందో, వాళ్ళమ్మ ఆపరేషనప్పుడు వారం పాటు ఎవరు మేలుకున్నారో అతనికి తెలుసు. వాళ్ళు వెళ్ళాక అదే అడిగితే, రెక్క పట్టుకుని మెట్ల మీదకు నెట్టి తలుపేసుకున్నాడు. ఇంటి చెప్పులతో నిలబడిపోయాను. ఎదురింటావిడ తలుపు కొద్దిగా తెరిచి, చూసి, మళ్ళీ మూసుకుంది. అప్పటినుంచి అతని ఫోన్ కోసం చూస్తూనే ఉన్నాను, సిగ్గులేకుండా.

ఫోన్ రాలేదు గానీ, ఆ శుక్రవారం నమాజు అయ్యాక సుహైబ్‌ను వెంటబెట్టుకుని పెద్దమనుషులొచ్చారు. పుట్టింటికి వెళ్ళిపోయిన కోడలిని తీసుకెళ్ళడానికి మగవాళ్ళంతా కలిసి రావడం మా దగ్గర ఆనవాయితీ. వాళ్ళలో పెద్దాయన తనకిచ్చిన కాఫీ ముట్టకుండా ముందు పెట్టుకుంటాడు. అడిగింది ఇస్తామన్నాకే తాగుతాడు. తాగాడంటే మాట ఖాయం.

వంటింట్లోంచి వింటున్నాను. సుహైబ్ పెదనాన్న అబూ రాకాన్ మా నాన్నను పొగిడాడు, రెండు కుటుంబాల పరువునూ పొగిడాడు. నిస్రీన్ అన్న నా పేరు ఒక్కసారీ రాలేదు. "మా ఇంటి మగాళ్ళ కోపం పాలపొంగు. వాళ్ళ నాన్నా ఇంతే," అన్నాడు.

"కాఫీ తీసుకోండి. మీ కోడలు మీదే," అన్నాడు నాన్న.

నన్ను అడగలేదు. అమ్మ వైపు చూశాను. నా బట్టలు అప్పటికే సర్దేసినట్టుంది, తల తిప్పుకుంది.

మగవాళ్ళు కూర్చున్న ఆ గదిలోకి వెళ్ళాను. "పెద్దమామయ్యగారూ, ఇంకా తాగకండి. మెట్ల మీద నిలబడింది నేను. అడగాల్సింది నన్ను."

కప్పు ఆయన పెదాల దగ్గరే ఆగిపోయింది. నాన్న నేల చూశాడు. సుహైబ్ వైపు తిరిగి, ఆ రోజు నన్నేం చేశావో వీళ్ళ ముందు నువ్వే చెప్పమన్నాను. నిజంగానే ఆశపడ్డాను. ఒక్క వాక్యం చెబితే ఆ క్షణమే అతని వెంట వెళ్ళిపోయేదాన్ని.

"నా మనసు నీకు తెలుసుగా," అన్నాడు, పెదనాన్నను చూస్తూ.

పెద్దాయన చేతిలోంచి కప్పు తీసుకున్నాను. వంటింట్లోకి వచ్చేసరికి అమ్మ కూడా అక్కడ లేదు. రేపటి నుంచి ఈ ఇంట్లోనూ నాకు చోటుండదని తెలుసు. తెలిసే, ఆ కాఫీని నా చేత్తో పారబోశాను.