ముగ్గురు కూర్చున్న శుక్రవారం

ఆ పొద్దున ఆకాశం కనబడలేదు. తెల్లారేసరికి పొగమంచు ఖర్జూరపు తోట మీద కూర్చుంది. చెట్ల మొదళ్ళు ఉన్నాయి, తలలు లేవు. పారతో మడి తెంపి నీళ్ళు మళ్ళిస్తుంటే నీళ్ళ చప్పుడు పట్టుకునే నడిచాను. దుబాయి దిక్కున్న ఈ అల్ ఐన్‌లో జనవరి ఇట్లనే ఉంటుంది. తొమ్మిది దాటాక మంచు చెట్ల సందుల్లోంచి చినిగిన బట్టలాగా ఒక్కో పేలిక లేచిపోయి, వెనక నుంచి నీలం బయటపడింది.

ఆ రోజు శుక్రవారం. జుమ్మా నమాజు అయినాక మా వంటగదిలో ముగ్గురు కూర్చుని ఒక మనిషి ప్రాణం గురించి మాట చెప్పాలి. కూర్చోబెట్టింది నేనే.

నా తమ్ముడు అంజి షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కార్ల గ్యారేజీలో సొట్టలు తీసే డెంటింగ్ పని చేసేవాడు. నాకన్నా పదకొండేళ్ళు చిన్న. వాడికి వీసా తీసిచ్చింది నేనే. రెండేళ్ళ కింద ఒక సాయంత్రం గదిలో పొయ్యి దగ్గర లొల్లి అయింది. ఆ గదిలోనే ఉండే అర్షద్ అనే కడప దిక్కు పోరడు, అదే గ్యారేజీలో పెయింటర్, చక్రాలు విప్పే పానా తీసుకుని అంజి తల మీద ఒక దెబ్బ వేశాడు. ఒక్కటే దెబ్బ. మూడో రోజు అంజి పోయాడు.

కోర్టు అర్షద్‌కు మరణశిక్ష అన్నది. అయితే ఇక్కడ అట్లాంటి కేసుల్లో అంతటితో అయిపోదు. పోయినవాడి వారసులను పిలిచి అడుగుతారు: ప్రాణానికి ప్రాణం కావాలా, మాఫీ ఇస్తారా అని. మాఫీ అంటే ప్రాణం నిలబడుతుంది, జైలు మిగులుతుంది. మాఫీకి బదులు పైసలు కూడా అడగొచ్చు. అంజికి పెళ్ళి కాలేదు. ఉన్నది మా అమ్మ గౌరవ్వ, నేను. అమ్మ కాగితం మీద వేలిముద్ర వేసి పంపింది. "పెద్దోడు ఏమంటె నేను గదే" అన్నది. సోమవారం నేను కోర్టులో నిలబడి ఆ మాట చెప్పాలి.

నేను ఏడో తరగతి దాకా ఊరి బడిలో చదివాను. చట్టం తెలియదు. మా ఊళ్ళో పంచాయితీ ఎట్ల జరుగుతుందో తెలుసు. దెబ్బ తిన్నవాడు తీర్పు చెప్పడు. వాడు ఊరిపెద్దే అయినా సరే, తన ఇంటి ముచ్చట వచ్చిందంటే మంచం మీద నుంచి లేచి అవతలికి పోవాలి. తక్కినవాళ్ళు చెప్తారు, వాడు ఒప్పుకుంటాడు. కోర్టు బయట కాగితాలు టైపు చేసే మలయాళీ ఆయనకు ఇదే చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశాడు. "భాయ్, ఇక్కడ నీ మాటే అడుగుతారు. ఊరి మాట కాదు" అన్నాడు. సరేనన్నాను గాని అది గొంతు దిగలేదు. కడుపు మండినవాడు న్యాయం ఎట్ల చెప్తాడు?

పంచాయితీకి ఐదుగురు కావాలి, దొరకలేదు. ముగ్గురు దొరికారు.

ఏసుబాబుది అమలాపురం పక్క. మా తోట నుంచి ఖర్జూరాలు, గడ్డి మోపులు పికప్‌లో తోలుతాడు. అల్లాబకాష్‌ది నెల్లూరు. తోట పనివాళ్ళకు వండిపెడతాడు. వయసులో మాకందరికీ పెద్ద. కిష్టవ్వది మా దిక్కే, ఆర్మూరు దగ్గర. మాకు వీసా ఇచ్చిన తోట యజమాని, మా కఫీల్ ఇంట్లో పని. పందొమ్మిదేళ్ళుగా ఉంది. ఆమె మాటకు కఫీల్ తల్లి కూడా ఎదురు చెప్పదు.

ముగ్గురికీ కేసు సంగతి చెప్పాను. కోర్టులో నేను చూసింది కూడా చెప్పాను. చేతులకు బేడీలతో బల్ల మీద కూర్చున్న అర్షద్, నేను లోపలికి వస్తుంటే లేచి నిలబడ్డాడు. నేను కూర్చున్నాకే కూర్చున్నాడు. పోలీసాయన భుజం పట్టి గుంజినా వినలేదు. 

ఇక లేచి బయటికి పోయి మోటారు షెడ్డులో పైపు మీద కూర్చున్నాను. వంటగది ఎగ్జాస్ట్ ఫ్యాను పాడై ఆర్నెల్లయింది. ఆ కంతలోంచి లోపల గుసగుసలాడినా షెడ్డులోకి వస్తుంది. చెవులు మూసుకోవాల్సింది. మూసుకోలేదు.

ముందు ఏసుబాబు గొంతు వినపడింది. నా పేరు రాజేశం, వాడు రాజన్న అంటాడు.

"ఇందులో మాటాడ్డానికి ఏముందండీ? మన రాజన్న తమ్ముణ్ణి చంపేశాడు. ప్రాణానికి ప్రాణం. ఖలాస్."

"గంత జల్దా?" అన్నది కిష్టవ్వ. "కూసున్న పీట ఇంకా ఎచ్చగ కాలే."

"గంట కూర్చుంటే చచ్చినోడు లెగుస్తాడా ఏంటండీ?"

"లేవడు. గని బతికున్నోడు ఇంకో గంట ఉంటడు. నీకేం తొందర, బండి ఇంజను బంద్ చెయ్యలేదా?"

ఏసుబాబు నవ్వబోయి ఆపుకున్నట్టున్నాడు. కాసేపు గిన్నె మీద మూత సర్దిన చప్పుడు. అన్నం, కోడికూర పొద్దున్నే వండి దించాడు అల్లాబకాష్. కూర్చున్నవాళ్ళు మాట తేలేదాకా ముట్టరు.

"అల్లాబకాష్ అన్నా, నువ్వు చెప్పు."

"ముందు మీరు కానీండి."

"మీరు కానీండి, మీరు కానీండి అనుడేంది? నువ్వు వంటోనివా, పెండ్లిపిల్లవా?"

ఏసుబాబే అందుకున్నాడు. "అయినా ఆ లేచి నిలబడ్డం ఉంది చూశారూ, అదంతా లాయరు నేర్పిందేనండీ. లెగు, తల దించు, ఏడు. చెప్పి పంపిస్తారు."

"లాయరు నేర్పితె జడ్జికి లేస్తడు. తోటల మడి కట్టెటోనికి ఎందుకు లేస్తడు?"

"ఆ తోటలో మడి కట్టేవోడి చేతిలోనే కదండీ వాడి ప్రాణం ఉంది!"

ఆ మాట నాకు తగిలింది. రెండేళ్ళు ఆ నిలబడడం నా కళ్ళ ముందు ఉంది గాని, అట్లా ఆలోచించలేదు.

"నిజమే," అన్నది కిష్టవ్వ. "వాని లోపల ఏమున్నదో మనకు కనబడదు. లేచిండని వదలద్దు. లేవకపోతె సంపద్దు. గది పక్కకు పెట్టున్రి. ఏసూ, నిన్నొకటి అడుగుత. నువ్వు ఆ పోరన్ని ఎప్పుడన్న చూసినవా?"

"లేదండి."

"మరి గంత కోపం ఏడికెల్లి తెచ్చినవ్?"

ఏసుబాబు గొంతు మారింది. "కరోనా అప్పుడు నా పని పోయిందండీ. నాలుగు నెలలు రాజన్న గదిలో పడుకున్నాను. ఒక్కరోజు కూడా ఎన్నాళ్ళుంటావని అడగలేదాయన. ఆయన తమ్ముణ్ణి చంపినోణ్ణి వదిలెయ్యమని నేను ఏ నోటితో చెప్పమంటారు?"

"అంటె నువ్వు రాజేశం గురించి చెప్తున్నవు. అర్షద్ గురించి కాదు."

"అంతేనేమోనండి."

"నేనూ అంతే," అన్నాడు అల్లాబకాష్ ఉన్నట్టుండి. "నా మనసులో మాట పొద్దున్నే ఉండాది. చంపొద్దని. కానీ ముందే అంటే, వాడూ నాలాగే నమాజు చేసేవోడు కాబట్టి అన్నాడంటారని నోరు మూసుకున్నా."

"మేమెందుకంటాం భాయ్?"

"నువ్వు అనవు. నీ మొహం అంటది."

ఈసారి ఏసుబాబు నిజంగా నవ్వాడు. కిష్టవ్వ నవ్వలేదు.

"ఇద్దరు మొగోళ్ళు కూసున్నరు. ఒకడు దోస్తుకు భయపడబట్టె, ఒకడు మాటకు భయపడబట్టె. సరే, నేనొకటి అడుగుత. అసలు పొయ్యి కాడ ఏమైంది? కొట్టిండు, సచ్చిండు. గీ రెండు మాటలే చెప్తున్నడు రాజేశం. ఊకెనే ఎవడన్న పానా ఎత్తుతడా?"

కిష్టవ్వ గొంతు పెంచింది.

"ఓ రాజేశం! మోటరు కాడ చెవులు పెట్టుకుని కూసున్నవు గదా. ఇటు రా."

లేచాను. షెడ్డు నుంచి వంటగదికి పద్నాలుగు అడుగులు. ఆ దూరమంతా నాకు తెలిసిందొక్కటే: పంచాయితీకి వచ్చి ముచ్చట దాచినవాడిని మా ఊళ్ళో కూర్చోనియ్యరు. నేను దాచాను.

గడప దగ్గర నిలబడ్డాను. ముగ్గురూ నన్ను చూశారు. ఏసుబాబు లేవబోతే కిష్టవ్వ వాడి చొక్కా పట్టి కూర్చోబెట్టింది.

"అంజి గదిలో ఉండే అజ్మతుల్లా అని ఒకతను చెప్పాడు" అన్నాను. "ఆసుపత్రి మెట్ల మీద. నా ఒక్కడికే చెప్పాడు. పోయినవాడి మీద చెడు చెప్పడం ఇష్టం లేక పోలీసులకు చెప్పలేదట."

"ఏమని?"

"ఆ రోజు పొయ్యి వంతు అంజిది. అర్షద్ రెండు డ్యూటీలు చేసి వచ్చి, ఆకలికి ఆగలేక తన అన్నం ఎక్కించాడు. అంజి వచ్చి చూశాడు. ఉడుకుతున్న గిన్నె దించి తీసుకుపోయి మోరీలో పోశాడు. ఇంకోసారి నా వంతులో ఎక్కిస్తే నిన్నూ ఇందులోనే పోస్తా అన్నాడు."

అల్లాబకాష్ కళ్ళు ఆయన అన్నం గిన్నె మీదికి పోయాయి. వంట చేసే మనిషి కదా.

"అన్నం పారబోస్తే మనిషిని చంపేస్తారా అండీ?" అన్నాడు ఏసుబాబు మెల్లగా. నన్ను కాదు, నేలను అడిగాడు.

"సంపరు," అన్నది కిష్టవ్వ. "సంపిండు గాబట్టే జైల్ల ఉన్నడు. ఉండాలె. తప్పు చేసిండా అని కాదు మనం కూసున్నది. వాని పానం తీసుడా, ఉంచుడా? గదొక్కటే." నా వైపు తిరిగింది. "ఈ అన్నం ముచ్చట ఆ పోరడు కోర్టుల చెప్పుకున్నడా?"

"లేదు. కోపంలో కొట్టాను, తప్పు నాది అన్నాడు. అంతే."

"రెండేండ్లల్ల ఒక్కసారి సుత?"

"లేదు."

"లాయరుకన్న చెప్పిండా?"

"చెప్తే లాయరు ఊరుకుంటాడా? కాగితాల్లో ఎక్కడా లేదు."

"చెప్పుకుంటే పనికొచ్చేదండీ," అన్నాడు ఏసుబాబు. "ఎందుకు చెప్పుకోలేదు మరి?"

ఎవరికీ తెలియదు. నాకు ఇప్పటికీ తెలియదు. సిగ్గు కావచ్చు, చనిపోయినవాణ్ణి గలీజు చేయొద్దని కావచ్చు, ఎవరూ అడగలేదు కాబట్టి కావచ్చు. కానీ ఏసుబాబు మొహంలో ఏదో వదులయింది. లేచి నిలబడడం లాయరు నేర్పగలడు. ఇది ఎవరూ నేర్పలేదు.

"నువ్వెందుకు దాచినవ్, తమ్మీ?" అన్నది కిష్టవ్వ. తిట్టినట్టు లేదు.

"అమ్మకు తెలుస్తుందని. ఊరికి తెలుస్తుందని. వాడు పోయాడు, పేరన్నా మంచిగా ఉండనీ అనుకున్నా."

"వాని పేరుకు ఇంకొకని పానం అడ్డం పెట్టినవ్."

అవునన్నాను.

ఆమె చెప్పింది: వద్దు, పానం తీయద్దు. అల్లాబకాష్ తల ఊపాడు. ఏసుబాబు నన్ను చూశాడు. నేను కళ్ళు తిప్పుకున్నాను, వాడు నా మొహం చూసి చెప్పకూడదని. "నాదీ అదేనండి" అన్నాడు. "జైల్లో ఉండనివ్వండి. చావొద్దు."

ఒక మాట అయింది. ఒప్పుకోవాల్సింది నేను. ఒప్పుకునేముందు అమ్మకు చెప్పాలి, ఇప్పుడు దాచకుండా.

అక్కడే ఫోన్ చేశాను. వీడియోలో ముందు ఇంటి దూలాలు కనబడ్డాయి, తర్వాత అమ్మ గడ్డం, తర్వాత చేట. బీడీలు చుడుతున్నది. ఫోన్ దేనికో ఆనించి పెట్టింది. నేను మాట్లాడుతుంటే వేళ్ళు వాటి పని అవి చేస్తున్నాయి: ఆకు, తంబాకు, చుట్టు, దారం. అన్నం మోరీలో పోశాడని చెప్పినప్పుడు వేళ్ళు ఆగాయి. చుట్టబోయిన ఆకు మెల్లగా విచ్చుకుంది.

"నాకెర్క లేదారా?" అన్నది.

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలె? కన్నదాన్ని. వాడు చిన్నప్పుడు సుత కూర నచ్చకుంటె పళ్ళెం తన్నెటోడు. నువ్వు పొలానికి పోతుంటివి, నీకు తెల్వది. నేనే ఏరుకొని మళ్ల వడ్డించేది." విచ్చుకున్న ఆకును మళ్ళీ చుట్టింది. "ఆడ ఏదో చేసే ఉంటడు అని ఆ దినమే అనుకున్న. నీకు బాధైతదని నేనే అన్లే."

రెండేళ్ళు నేను ఆమె నుంచి దాచాను. ఆమె నా నుంచి దాచింది. కిష్టవ్వ నా వెనక నుంచి ఫోన్‌లోకి తొంగి చూసింది.

"వదినా, మేము ముగ్గురం మాఫీ అంటున్నం. నువ్వేమంటవ్?"

"ఎవరమ్మా నువ్వు?"

"ఆర్మూరు కాడ."

"అయితె మనోళ్ళే." అమ్మ కాసేపు చేటలోకి చూసింది. "ఆ పోరనికి అమ్మ ఉన్నదా?"

"ఉన్నది" అన్నాను. "హబీబున్నీసా."

"అయితె ఆమెకు వాడు జైల్ల అన్న ఉండనీ. మాఫీ అని చెప్పు. పైసలు వద్దు, గది సుత చెప్పు. సోమవారం పొద్దుగాలనే పో, ఆలస్యం చేయకు. బస్సుల నిద్రపోతవు నువ్వు."

"సరే."

"తిన్నవా?"

"ఇంకా లేదు."

"మూడు దాటింది కదరా మీకు. తిను పో." ఫోన్ పెట్టేసింది. ఎప్పుడూ అంతే, ముందు ఆమే పెట్టేస్తుంది.

నేను ముగ్గురి వైపు తిరిగి, "ఒప్పుకున్నా" అన్నాను. మా ఊళ్ళో అనాల్సిన మాట అది. కోర్టులో సోమవారం అనాల్సింది వేరే భాషలో, వేరే తీరుగా ఉంటుంది. అది టైపు ఆయన రాసిస్తాడు.

చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది. ఒంట్లో ఎక్కడో బిగించి ఉన్న నట్టు ఒకటి వదులైనట్టుంది. బయట ఎండ చెట్ల తలల మీద పచ్చగా పడుతోంది.

అల్లాబకాష్ అన్నం గిన్నె మూత తీశాడు. చల్లారింది, వేడి చేయనా అని కళ్ళతో అడిగాడు. వద్దని కిష్టవ్వ చేయి ఊపింది. నేల మీద పాత పేపరు పరిచి నాలుగు పళ్ళాలు పెట్టాడు. ముందు నాకు వడ్డించబోయాడు. నేను గరిటె తీసుకుని కిష్టవ్వ పళ్ళెంలో పెట్టాను, తర్వాత ఆయన పళ్ళెంలో, తర్వాత ఏసుబాబు పళ్ళెంలో. కోడికాలు ముక్క వాడికి వేశాను. ఎప్పుడూ ఏదో ఒకటి వాగే ఏసుబాబు తల ఎత్తలేదు.

కూర్చున్నాం. అన్నం చల్లగా, కూర కారంగా ఉంది. కిష్టవ్వ తన పళ్ళెంలోంచి ఒక ఉల్లిగడ్డ ముక్క తీసి నా పళ్ళెంలో వేసింది. నలుగురం తిన్నాం. పళ్ళాల్లో మెతుకు మిగల్లేదు.