తెల్లరంగు కింద నూటపన్నెండు పేర్లు

పదానికి పదమనే చీటీ కట్టాలి. అర్థానికి అర్థమని కట్టాలి. వాడుక వాక్యాన్ని విడిగా ఉంచాలి. చెప్పినవారి పేరు, ఊరు ఒక్కచోట కూడా మరవకూడదు. రంగులూ, అక్షరాల లావూ అన్నిటికంటే చివర్న చూసుకోవాలి.

నేను ఒక కంప్యూటరు ఫైలును. పైన చెప్పినవి నేను పుట్టిన రోజున ఆడెపు శకుంతల నా నెత్తిమీద రాసిపెట్టుకున్న పనులు. అన్నీ చేసింది. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంట్లో పుట్టి, ఆ ఇంట్లో మొదటిసారిగా కాలేజీ గడప తొక్కి, ఎం.ఏ. దాకా చదివిన పిల్ల. అలాంటివాళ్ళు పట్టిన పని వదలరు. వదిలితే నవ్వడానికి ఎంతమంది కాచుకుని ఉంటారో వాళ్ళకు తెలుసు.

నా కడుపులో ఉన్నది నేతపని మాటల నిఘంటువు. హనుమకొండలోని ఒక సాహిత్య సంస్థ దాన్ని అచ్చు వేయాలనుకుంది. సంస్థకు పెద్ద, రిటైరైన ప్రొఫెసర్ కొడిమ్యాల భూపతి. వాడవాడా తిరిగి మాటలు ఏరుకొచ్చే పని శకుంతలది. వాటిని చూసి తల ఊపే పని ఆయనది.

నాకు ముందు ఇంకో ఫైలు ఉండేది. అందులో పదమూ లావు అక్షరాలే, ఉదాహరణా లావే, మనిషి పేరూ లావే. చూడటానికి పెళ్ళిపందిరిలా ఉండేది. "చెప్పినవాళ్ళ పేర్లన్నీ ఒక్కచోటికి తియ్యి" అంటే మాత్రం ఎవరి తరమూ కాలేదు. ఏ లావు దేనికోసమో ఆ ఫైలుకే తెలియదు మరి. శకుంతల దాన్ని పక్కన పెట్టి నన్ను మొదలుపెట్టింది. నాలో ఏ మాటకూ వేషం లేదు, ప్రతి మాటకూ చీటీ ఉంది. 'పదం: కండె. అర్థం: నాడెలో పెట్టడానికి పేక నూలు చుట్టిన పుల్ల. చెప్పినవారు: దొంత రాజవ్వ, కొత్తవాడ.' ఇలా. నాడె అంటే మగ్గంలో అడ్డపోగును అటూ ఇటూ మోసుకుపోయేది, దానికీ విడిగా చీటీలున్నాయి. ఏ చీటీ ఉన్న మాట ఎలా కనబడాలో ఇంకెక్కడో విడిగా రాసి ఉంటుంది.

భూపతి సారు నన్ను మొదటిసారి చూసి మూతి విరిచాడు.

"ఇదేందమ్మా శకుంతలా, సున్నం వెయ్యని గోడ లెక్కున్నది? పదాలు ఎర్రగ పెట్టు. జర కళ రావాలె."

ఆమె ఒక్క పంక్తి మార్చింది. నాలుగు వేల పదాలు ఒక్కసారిగా ఎర్రబడ్డాయి.

"అరె! అన్ని ఒక్కపాలి ఎట్ల మారినయి?"

"పదం అనే చీటీ ఉన్నయన్ని ఎర్రగ కావాలని చెప్పిన సార్. ఒక్కకాడ చెప్తే సాలు."

"ఆ చీటీలు నాకు కనబడ్తలేవు గద?"

"కనబడేటందుకు కాదు సార్ అవి. ఏది ఏందో తెలిసేటందుకు."

"కనబడనిది ఉంటేంది, లేకుంటేంది!" అని పకపకా నవ్వాడు. ఆ నవ్వును నేను జాగ్రత్తగా దాచుకున్నాను.

రాజవ్వ సంగతి చెప్పాలి. డెబ్భై దాటిన మనిషి. కండెలు చుట్టీ చుట్టీ వేళ్ళు వంకర్లు పోయాయి. ఒక్కతే మూడు వందల మాటలు చెప్పింది. చెప్పేముందు మాత్రం బేరం పెట్టింది.

"నా పేరు రాస్తవా మరి? మీ తాత, నేను గిన్నేండ్లు నేస్తిమి. ఒక్క జంపఖానా మీద గూడ మా పేరు లేకపాయె."

"రాస్త పెద్దవ్వా. ఊకె రాసుడు కాదు, చదివి ఇనిపిస్త."

"ఒట్టేనా?"

"ఒట్టు."

ఇలా నూటపన్నెండు మందికి ఒట్టు పెట్టి వచ్చింది శకుంతల. వాళ్ళు అడిగింది అదొక్కటే.

పని పూర్తయింది, ఆమె గడువు తీరింది. అప్పుడు భూపతి సారుకు ఒక కోరిక కలిగింది. ఆ మాటలన్నీ తానే ఎండలో తిరిగి సేకరించినట్టు పుస్తకం ఉంటే బాగుంటుందనిపించింది. పేర్లు తీసేద్దామంటే పంక్తులు జరుగుతాయి, పేజీల అంకెలు తప్పుతాయి, ప్రెస్సువాళ్ళు ఊరుకోరు. అందుకని నా ముందు కూర్చుని ఒక్కొక్క పేరునూ పట్టుకుని దానికి తెల్లరంగు వేశాడు. కాగితం తెలుపు, అక్షరం తెలుపు. 'సేకరణ: ఆడెపు శకుంతల' అన్న పంక్తి కూడా అలాగే తెల్లబోయింది. 'చెప్పినవారు' చీటీ ఉన్నవన్నీ తెల్లగా కావాలని నాకు ఒక్క ముక్క చెప్పి ఉంటే క్షణంలో అయిపోయేది. ఆయనకు చీటీల మీద నమ్మకం లేదాయె! నాలుగు వేల చోట్ల, పన్నెండు రోజులు. మెడ పట్టేసింది. నిజం చెబుతున్నాను, ఆ పట్టేసిన మెడను చూస్తుంటే నాకు కడుపు నిండినట్టుండేది.

అచ్చయిన పుస్తకం చూసి శకుంతల ఆఫీసుకు పరుగెత్తుకొచ్చింది.

"సార్, పేర్లేవి సార్? నేను ఒట్టు పెట్టిన వాళ్ళకు."

"అన్ని పేర్లు పెడితే రేషన్ కార్డుల లిస్టు లెక్కుంటదమ్మా. నిఘంటువు అంటే ఒక గాంభీర్యం ఉండాలె."

ఆమె పుస్తకాన్ని బల్ల మీద పెట్టేసింది. వెళ్తూ వెళ్తూ ఒక్క మాటంది: "అంధుల బడికి ఈ ఫైలు ఇస్తున్నరట గద సార్. ఇచ్చే ముందు ఒక్కసారి సరిగ్గ చూస్కోండి."

"రెండు కండ్లతోటి చూసిన. అంతా శుభ్రంగున్నది."

నేనేమీ అనలేదు. అనే నోరు నాకు లేదు, అనాల్సిన అవసరమూ లేదు. ఉన్నది ఉన్నట్టు ఉండటమే నా పగ.

ఆవిష్కరణ సభ పొద్దున పదింటికి. వెనక వరసల్లో నేతవాళ్ళను కూర్చోబెట్టారు, ఫోటోకు నిండుగా ఉంటుందని. పక్కగా శకుంతల నిలబడింది. అంధుల బడిలో తెలుగు చెప్పే యాకయ్య సారు తన ల్యాప్‌టాప్‌తో వేదిక ఎక్కాడు. ఆయనకు చూపు లేదు, ఆయన యంత్రం చదివితే వింటాడు.

"మన పుస్తకం మాట్లాడుతది, వినుండ్రి!" అని భూపతి సారు మైకు దాని దగ్గర పెట్టాడు.

యంత్రానికి తెలుపూ నలుపూ ఒకటే. దానికి చీటీలే దిక్కు. గొంతు సవరించుకోకుండా మొదలుపెట్టింది.

"సేకరణ: ఆడెపు శకుంతల."

సభలో గుసగుసలు. సారు ముఖం మీద చెమట.

"ముందుకు పోనియ్యి, ముందుకు పోనియ్యి."

"ముందుకే పోతున్నది సార్," అన్నాడు యాకయ్య. "కండె అని కొట్టిన."

"పదం: కండె. అర్థం: నాడెలో పెట్టడానికి పేక నూలు చుట్టిన పుల్ల. చెప్పినవారు: దొంత రాజవ్వ, కొత్తవాడ."

"అగో! నన్ను పిలుస్తున్నరే!" వెనక వరసలో రాజవ్వ లేచి నిలబడింది.

పక్కనున్న పెద్దమనిషి చేతిలోని పుస్తకంలో ఆ పేజీ వెతికి చూశాడు. "గీడ ఉత్త తెల్లగున్నదేంది? మిషిన్‌కు కనబడే పేరు మనకెందుకు కనబడకపాయె?"

"వైరు తీసెయ్యుండ్రి!" అని భూపతి సారు కేకేశాడు.

"బ్యాటరీ మీద నడుస్తది సార్," అన్నాడు యాకయ్య చాలా వినయంగా.

భోజనాలు చల్లారిపోయాయి. నేతవాళ్ళు ఒక్కరూ కదల్లేదు. "మా అన్నది పెట్టు సారూ," "మా అత్తది రాలే ఇంక," అని అడిగి అడిగి నూటపన్నెండు పేర్లూ వినేదాకా కూర్చున్నారు. భూపతి సారు కూడా కూర్చోక తప్పలేదు. తలుపుకు అడ్డంగా రాజవ్వ కుర్చీ వేసుకుంది.

ఆ సాయంత్రమే ఆయన నన్ను ఆఫీసు కంప్యూటరు చెత్తబుట్టలో పడేశాడు. ఇప్పుడు అక్కడి నుంచే మాట్లాడుతున్నాను. నా నకలు అంధుల బడిలో క్షేమంగా ఉంది. దాని నుంచే సంస్థవాళ్ళు పేర్లన్నీ నల్లగా, నిండుగా మళ్ళీ అచ్చు వేశారు. అందులో 'పర్యవేక్షణ: కొడిమ్యాల భూపతి' అని కూడా శకుంతలే రాసింది. ఆయన చూసిన మాట నిజమే కదా, అంది. ఆమె మంచిది. నేను కాదు.

ఆయన చేసిన ఇంకో పనికి మాత్రం ఆమె చీటీ కట్టలేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. రాజవ్వను కొత్తవాడ మరవదు, శకుంతలను పుస్తకం మరవదు. మీరు ఆయన్ను గుర్తుపెట్టుకోండి. పేరు, ఊరు పూర్తిగా చెబుతాను.

పేర్లు మాయం చేసినవారు: కొడిమ్యాల భూపతి, హనుమకొండ.