ఎర్రదారం చుట్టిన పిట్ట

మా గది కిటికీ కింద ఎర్రపూల పొద నేనే పెంచాను. గాల్లో నిలబడి దాని తేనె పీల్చే బుల్లిపిట్టల్లో, తోకన తెల్ల ఈక ఉన్న పిట్ట కొన్నాళ్లుగా కనబడటం లేదు.

ఇవాళ పక్క దులుపుతుంటే నా కూతురు ఎల్పిదియా దిండు కింద ఎర్రదారం చుట్టిన మూట దొరికింది. విప్పితే ఆ పిట్టే, ఎండిపోయి ఉంది. మా వహాకా ఊరి సంతలో వశీకరణానికి ఇలాగే కట్టిస్తారు.

పొదకు నీళ్లు పోసే వంకతో రోజూ వచ్చే పక్కింటి ఫౌస్తినో గుమ్మంలో నిలబడ్డాడు. "వాడి మొహం చూస్తే డోకొస్తుందమ్మా" అని ఎల్పిదియా మొన్నటిదాకా తిట్టినవాడే. ఎప్పుడూ "పిన్నీ" అనేవాడు, ఇవాళ నవ్వుతూ "అత్తగారూ, నీళ్లు పొయ్యనా?" అన్నాడు.

"ఛీ పోరా! గడప తొక్కావంటే కాళ్లు విరగ్గొడతా!"

వెనక నుంచి ఎల్పిదియా గొంతు మెత్తగా వినిపించింది.

"ఎందుకమ్మా అరుస్తావ్? ఆయన్ని లోపలికి రానీ."