ఏడో నంబరు మిషను

టైపు మాస్టారి ముందుగదిలో ఒకప్పుడు పన్నెండు మిషన్లు ఉండేవి. ఇప్పుడు మిగిలింది ఒక్కటే, ఏడో నంబరుది. తక్కినవన్నీ ఒకదాని వెనక ఒకటి గడప దాటిపోయాయి. పోయిన ప్రతిసారీ మాస్టారు వీధిలోకి వచ్చి, బండి మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి వెళ్లి తుడిచిన బల్లనే మళ్లీ తుడిచేవాడు. ఎంత తుడిచినా మిషన్ల రబ్బరు కాళ్ల గుర్తులు మాత్రం పోలేదు.

ఏడో నంబరు కోసం ఇవాళ నాలుగింటికి ఒకావిడ వస్తానంది. కొత్తగా కాఫీ హోటలు పెడుతోందట. వచ్చేపోయేవాళ్లు చూడ్డానికి అద్దాల అరలో పెడుతుందట. పోయిన వారం వచ్చి మిషను చూసి వెళ్లింది. మాస్టారికి మాట్లాడే మనిషి దొరికి చాలా రోజులైంది. ఆవిడ ఒకటి అడిగితే ఆయన పది చెప్పాడు. చివర్లో తన పాత జోకు కూడా వేశాడు.

"ముప్పై ఎనిమిదేళ్లలో నా దగ్గర నేర్చుకున్నవాళ్లంతా పాసయ్యారమ్మా. ఒక్కతే తప్పింది. బయటికి వదిలితే నా పరువు తీస్తుందని ఆ పిల్లని పెళ్లి చేసుకున్నాను!"

హోటలావిడ నవ్వింది. ఎవరైనా నవ్వుతారు. ముప్పై ఏళ్లపాటు అరగదీసి నునుపు చేసిన జోకు అది. చుట్టాలొచ్చినా, శిష్యులొచ్చినా, కరెంటు బిల్లు తెచ్చినవాడొచ్చినా వేయాల్సిందే. అదీ భార్య ఎదురుగానే. ఆమె కూడా నవ్వేది. నవ్వుతూనే ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయేది. లోపలికి వెళ్లాక కూడా నవ్వుతోందో లేదో ఈ మహానుభావుడు ఏనాడూ తొంగి చూడలేదు.

ఆమె పోయి ఎనిమిది నెలలైంది. పోయిన వారం జోకు అయిపోగానే ఆయన చూపు అలవాటు కొద్దీ వంటింటి గుమ్మం వైపు వెళ్లింది. గుమ్మంలో ఎవరూ లేరు. ఆ రోజు ఆయనకి అన్నం సయించలేదు.

ఆమె పరీక్ష తప్పడానికి కారణం ఎడమచేతి చిటికెన వేలు. చిన్నతనంలో తలుపు సందులో పడి నలిగిన వేలు అది. మిగతా వేళ్లు కొట్టిన అక్షరాలు నల్లగా, నిండుగా పడేవి. చిటికెన వేలిది మాత్రం వెలిసిపోయినట్టు పడేది. "నీ వేలికి టైపు రాసిపెట్టిలేదు, వదిలెయ్" అని మాస్టారు తేల్చేశాడు. ఆమె వదిలేసింది. మాస్టారు మాత్రం జోకుని వదల్లేదు.

మళ్లీ ఆమె మిషను ముందు కూర్చున్నది ఈమధ్యనే, చివరి రెండేళ్లు. అప్పటికి నేర్చుకోడానికి వచ్చేవాళ్లే లేరు. మధ్యాహ్నం ఆయన నడుం వాల్చగానే ఆమె ముందుగది తలుపు దగ్గరగా వేసుకునేది. గంటసేపు ఏడో నంబరు చప్పుడు వినిపించేది. ఒకరోజు ఆయన ఉండబట్టలేక తలుపు ఇవతలనుంచే అడిగాడు.

"ఏం కొడుతున్నావే అంతసేపు?"

"ఏదో లెండి. మీరు పడుకోండి."

అంతే. మళ్లీ అడగడానికి ఆయనకి అభిమానం అడ్డొచ్చింది. చెల్లెలికి ఉత్తరాలు రాసుకుంటోందని, వాటి నిండా తన మీద చాడీలేనని తనకు తనే తీర్మానించుకుని అటు తిరిగి పడుకున్నాడు. ఆమె పోయాక బీరువాలు వెతికాడు, పరుపులు ఎత్తి చూశాడు. ఒక్క కాగితం కూడా దొరకలేదు. సిగ్గు విడిచి మరదలికి ఫోన్ చేశాడు.

"మీ అక్క నీకు టైపులో ఉత్తరాలేమైనా రాసిందా అమ్మా?"

"ఫోనుండగా ఉత్తరాలెందుకు బావగారూ? ఎందుకలా అడుగుతున్నారు?"

"ఏం లేదు, ఊరికే."

ఊరికే కాదు. ముప్పై అయిదేళ్ల కాపురంలో తన గురించి ఆమె ఏమనుకుందో ఆయనకి తెలియదు. అది చెప్పగలిగిన కాగితాలేవో ఉండేవి, ఇప్పుడు లేవు. మంచో చెడో, ఆ ఒక్క సంగతి తెలిస్తే చాలనుకుని ఎనిమిది నెలలుగా నిద్రకు మొహం వాచి ఉన్నాడు. ఇవాళ మిషను కూడా పోతే ఇక ఎవరినని అడుగుతాడు?

రెండింటికి పాత పళ్ల బ్రష్షు, గిన్నెలో కాస్త కిరసనాయిలు పెట్టుకుని కూర్చున్నాడు. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి తొడుగు తీశాడు. సూదితో అక్షరాల్లో పేరుకున్న సిరా మడ్డి గీశాడు. రోలరు తుడుద్దామని పక్కనున్న పిడి తిప్పితే అడుగుకాగితం పైకొచ్చింది.

అది ఆయన పెట్టిన నియమమే. అక్షరాల దెబ్బలకి రోలరు గుంటలు పడకుండా టైపు కాగితం వెనక దళసరి కాగితం ఒకటి పెట్టాలి. నెల మొదటి తేదీన దాన్ని మార్చాలి. దాని మీద సిరా పడదు, దెబ్బల అచ్చు మాత్రం పడుతుంది. ఆ అచ్చు చూసే, ఎవరు ఎన్ని వరుసలు ఎగ్గొట్టారో ఆయన పట్టేసేవాడు. ఆమెని ఆసుపత్రికి తీసుకెళ్లింది రెండో తేదీ సాయంత్రం. ముందురోజు కాగితం ఆమే మార్చి ఉంటుంది. అంటే దీని మీద ఉన్నది ఆ రెండు రోజుల రాతే.

మాస్టారు చటుక్కున లేచాడు. కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఎండకి ఏటవాలుగా పట్టుకున్నాడు. ముందు తన పేరు కోసం వెతికాడు. లేదు. చెల్లెలి పేరూ లేదు. అసలు మాటలే లేవు.

ఉన్నది మొదటి పాఠం. చేరిన రోజున ఎవరికైనా ఇచ్చే పాఠం. ఎడమ చిటికెన వేలితో మొదలుపెట్టి వరసగా అన్ని వేళ్లూ కదిపించే ఆ కాసిని అక్షరాలే, పైనుంచి కిందదాకా, వరుస వెనక వరుస. యాభై ఎనిమిదేళ్ల మనిషి తలుపు వేసుకుని, రోజూ గంటసేపు, రెండేళ్లపాటు చేసిన పని ఇదన్నమాట.

కళ్లు మసకబారి వరుసలు కనబడలేదు. వేలితో తడిమాడు. పైన, ఒకటో తేదీ వరుసల్లో చిటికెన వేలి అక్షరం ఇంకా కాస్త తేలిగ్గానే ఉంది. చిట్టచివరి వరుసలో మాత్రం అన్నీ ఒకే లోతున తగిలాయి. ఏది ఏ వేలిదో ముప్పై ఎనిమిదేళ్ల మాస్టారికే తేడా తెలియలేదు.

"ఒక్కసారి చూపించకూడదటే నాకు!" అన్నాడు పైకే. చూపిస్తే తను ఏమనుకునేవాడో కూడా ఆయనకి తెలుసు. జోకు పోతుందని బాధపడేవాడు. కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

తర్వాత సొరుగు తీసి ఎర్ర పెన్సిలు వెతికి పట్టుకున్నాడు. పాసైనవాళ్ల కాగితం మూల ఆయన పెట్టే టిక్కు పెట్టాడు. దాని కింద ఆ రెండో తేదీ వేశాడు.

నాలుగింటికి హోటలావిడ వచ్చింది. మిషను తళతళలాడుతుంటే సంబరపడింది. ఆయన చేతిలోని కాగితం చూసింది.

"ఆ కాగితం కూడా అందులోనే పెట్టి ఇవ్వండి మాస్టారూ, చూడ్డానికి బాగుంటుంది."

"కాగితం ఇవ్వనమ్మా."

ఆవిడ డబ్బిచ్చి, మిషను బండిలో పెట్టించింది. ఆయన మొహం చూసి నవ్విద్దామనుకుందో ఏమో, వెళ్తూ వెళ్తూ అంది. "అంతమందిలో తప్పింది ఒక్కరేనన్నమాట! గొప్పవారే."

"లేదమ్మా, ఆ రోజు నీకు తప్పు చెప్పాను" అన్నాడు మాస్టారు. "ఎవరూ తప్పలేదు."

చెప్పి, ఎందుకో ఒకసారి వంటింటి గుమ్మం వైపు చూశాడు.