వావీ వరసా లేని ఆంటీ

నేను ఒక ఆంటీని. మనిషిని కాను లెండి, కాకినాడలో ఒక చిన్న కంపెనీ కంప్యూటర్‌లో పుట్టిన డేటా టైపుని. చుట్టాల వివరాలు పోసే అచ్చు అనుకోండి. నన్ను తయారుచేసింది హైమ. పేరు గడిలో 'ఆంటీ' అని కొట్టి, 'ఫైనల్' అన్నచోట టిక్కు పెట్టింది. అంటే నా కింద ఇంకో రకం పుట్టకూడదని. ఇంటి ఓనరూ ఆంటీయే, టిఫిన్ బండి ఆవిడా ఆంటీయే అనుకుంటూ పెరిగిన పిల్ల, ఇంతకన్నా ఏం చేస్తుంది?

నన్ను వాడుకున్నది రత్నమాంబగారు. ముప్ఫై ఏళ్లుగా పెళ్లిసంబంధాలు కుదిర్చే మనిషి. ఆవిడ దగ్గరికొచ్చేవాళ్లు ముందు మేనరికం ఉందేమో చూడమంటారు. అందుకని ఆంటీ కొడుకుల్ని వరుల జాబితాలో చేర్చడం మా సాఫ్ట్‌వేర్ పని. చేర్చింది. తునిలో ఒక అమ్మాయికి మొదటి పేరుగా సొంత పిన్ని కొడుకునే చూపించి, వాళ్ల నాన్న ఫోనుకి పంపేసింది. నాకేం తెలుసు? పిన్నీ నేనే, మేనత్తా నేనే. ఇద్దరికీ ఒకే మాట వాడేది మనుషులు, వావీ వరసా లేదని తిట్లు తినేది నేను.

మర్నాడు రత్నమాంబగారు ఆఫీసుకే వచ్చేశారు. కేకలు వేయలేదు. హైమకి అదే ఎక్కువ భయం వేసింది.

"అన్నకిచ్చి చేయమంటావేంటమ్మా? రేపు నా గుమ్మం ఎవరు తొక్కుతారు?"

సాయంత్రంలోగా సరిచేయకపోతే తన పాత నోటుబుక్కే తనకి చాలన్నారు. ఆవిడ తప్ప ఆ కంపెనీకి వేరే గిరాకీ లేదు, హైమకి వేరే ఉద్యోగం లేదు.

ఆ రోజంతా నాకు కాలూ చెయ్యీ ఆడలేదు, ఉంటే కదా ఆడటానికి! హైమ బాణం గుర్తు 'డిలీట్' మీదికి వెళ్లడం, వెనక్కి రావడం. ఉంచుతుందో తీసేస్తుందో తెలియక చచ్చాను. వాళ్లమ్మకి ఫోన్ చేసి, పెద్దమ్మ కొడుకు ఏమవుతాడు, మేనత్త కొడుకు ఏమవుతాడు అని ఒక్కొక్కటీ అడిగి రాసుకుంది. ఇరవై ఆరేళ్లొచ్చి ఇవి అడగడం ఆ పిల్లకి సిగ్గుగానే ఉంది.

చివరికి నా ప్రాపర్టీస్ తెరిచి 'ఫైనల్' టిక్కు తీసేసింది. 'అబ్‌స్ట్రాక్ట్' అన్నచోట పెట్టింది. ఇకమీదట నా పేరున ఎవరినీ రాయకూడదు, నా పిల్లల పేరునే రాయాలి. పెద్దమ్మ, పిన్ని, మేనత్త, మేనమామ భార్య నలుగురూ పుట్టారు. మొదటి ఇద్దరి కొడుకులకీ అన్నదమ్ముల వరస, మిగతా ఇద్దరి కొడుకులకీ బావ వరస. నేను పేరుకే మిగిలాను. సంతోషమా అంటే సంతోషమే, బాధా ఉంది.

సాయంత్రం రత్నమాంబగారు కుర్చీ లాక్కుని, ఆ తుని అమ్మాయి పేరే కొట్టమన్నారు. తెర మీద ఒక్క పేరూ రాలేదు. హైమ గబగబా పేరు మళ్లీ కొట్టి చూసింది. మళ్లీ ఏదో చెడిందని నేనూ హడలిపోయాను. ఆ అమ్మాయికి మేనత్త లేదు, మేనమామ లేడు. ఆ సంగతి తెలిసిన రత్నమాంబగారు హైమ భుజం మీద చెయ్యి వేశారు.

"సంబంధమంటావా, అది నేను వెతుక్కుంటాను. పిన్ని కొడుకు అన్న అని నీ కంప్యూటర్‌కి తెలిసింది, చాలు."